బీరపీచు తోట

మొన్నామధ్య అల్లుడు ఇల్లు కొంటానంటే తోడు వెళ్ళాను. విజయనగరం దాటాక, నిన్నమొన్నటిదాకా నువ్వుచేలు ఉన్న చోట అద్దాల గది కట్టి, అందులో బల్ల మీద కాలనీ మొత్తాన్ని బొమ్మగా పెట్టారు. అగ్గిపెట్టెలంత ఇళ్ళు, రోడ్డుకి అటూ ఇటూ చెట్లు. టై కట్టుకున్న కుర్రాడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. నా చూపు మాత్రం ఆ చెట్ల మీదే ఉంది. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒక్కదానికీ వంకర లేదు, ఎండుకొమ్మ లేదు, గాలికి ఒక పక్కకి వాలింది లేదు. చిన్నప్పుడు నేనిలాంటివి చేసి ఉంటే మా అమ్మ తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేది. వేలితో ఒకదాన్ని తాకబోయాను. "మేడం, ముట్టుకోకూడదు" అన్నాడు కుర్రాడు.

నా చెవులు వేడెక్కిపోయాయి. వాడన్న మాటకైతే ఆ మాత్రం దులిపేసుకునేదాన్ని. బొమ్మచెట్టు ఎక్కడ కనబడినా నాకిదే వరస, నలుగురిలో తల దించుకోవాలనిపిస్తుంది. "ఏమిటత్తయ్యా, ఎండదెబ్బా?" అన్నాడు అల్లుడు. అవునన్నాను. అతనికి ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను?

అప్పట్లో మేం శ్రీకాకుళంలో, నాగావళికి దగ్గర్లో ఒక అద్దె పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న కాలువ పనుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. అమ్మ పుట్టింటి వాళ్ళకి ఆ మాట నోరు తిరిగేది కాదు. "గీతలు గీసే ఉద్యోగం" అనేవారు. గీతలు గీసినందుకు జీతమెందుకిస్తారో వాళ్ళకి ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. నాకూ అయ్యేది కాదు.

ఆ ఏడు చలి వెళ్ళిపోతుండగా కొత్త కాలువకి శంకుస్థాపన అన్నారు. మంత్రిగారొస్తారట. మ్యాపు చూపిస్తే పెద్దవాళ్ళు ఆవులిస్తారని, కాలువని మొదలు నుంచి చివరిదాకా ఊళ్ళతో పొలాలతో సహా బొమ్మగా చెయ్యమని పెద్ద ఇంజనీరు నాన్నకి పురమాయించాడు. ఆఫీసులో చోటు లేక ఆ పని మా ముందుగదిలోకి వచ్చిపడింది. రెండు మంచాలంత చెక్కబల్ల. నేనూ తమ్ముడూ దాని కిందే చాప వేసుకుని పడుకునేవాళ్ళం. నానబెట్టిన పాత పేపర్లు రోట్లో రుబ్బి, బంకమట్టి కలిపి నాన్న కొండలు చేశాడు. ఆరని కొండ మీద తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. వాడి వీపు మోగింది గానీ కొండ నెత్తి చదునుగానే ఉండిపోయింది. ఇంజనీరు వచ్చి చూసి, "ఆ కొండ భలే పట్టావయ్యా, అచ్చం అలాగే ఉంటుంది" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇల్లంతా మైదా జిగురు వాసన. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. కలపకముందే నేను గిన్నె అంచు నాకేసేదాన్ని. "కలిపీసినాక నాకినావంటే సస్తావే" అని అమ్మ గరిటె చూపించేది. ఇప్పటికీ ఎక్కడైనా పుస్తకాలు బైండు చేసే కొట్టు ముందు నుంచి వెళ్తే నాకు నోరూరుతుంది.

కొండలు కుదిరాయి, చెట్లు కుదరలేదు. నాన్న దూదికి పచ్చరంగు అద్ది పుల్లలకి చుట్టాడు. "ఇవేమిటయ్యా, గొర్రెలమందలా ఉన్నాయి" అన్నాడు ఇంజనీరు. మంత్రిగారికి ముందు పచ్చదనం కనబడాలి, అది లేకపోతే కాలువ తవ్వడం దేనికి అని ఆయన గోల. ఆ పూట నాన్న అన్నం కెలికి లేచిపోయాడు.

దారి అనుకోకుండా దొరికింది. అమ్మ పాత చీరకి ఆకుపచ్చ రంగు వేసి, మిగిలిన నీళ్ళు బేసినులో వదిలేస్తే, నేను ఒళ్ళు రుద్దుకునే బీరపీచు అందులో పడింది. తిట్లు తప్పవని తీసి ప్రహరీగోడ మీద దాచాను. ఎండాక చూస్తే చెట్టే. ఆకుల సందుల్లోంచి అవతలి వెలుతురు కనబడే చెట్టు. అమ్మని పిలిచి చూపించాను. రంగు సంగతి మరిచిపోయి ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

ఇక ఆ పని నాదీ అమ్మదీ అయింది. పెరట్లో కాపు ఉడిగిన మిరపమొక్కల్ని వేరుతో పీకి, కడిగి ఎండబెట్టి, తలకిందులుగా నిలబెడితే అవే మాను, కొమ్మలు. రంగేసిన పీచుని కత్తిరించి, చేత్తో పలచగా పీకి, వేరుకొసలకి తగిలించాలి. దాని మీద జిగురు చిలకరించి, పంచెగుడ్డలో జల్లించిన రంపపు పొట్టు, అదీ రంగేసిందే, పైనుంచి రాల్చాలి. అడుగున ముదురురంగు, ఎండపడే వైపు లేతరంగు. ఒక్క రంగే చల్లితే చెట్టు చచ్చినట్టుంటుంది. చీపురుపుల్ల కొసకి తాటాకు ముక్కలు గుచ్చితే తాడిచెట్టు. నా చేతులకి పచ్చరంగు పట్టి, బళ్ళో పిల్లలు నా పక్కన కూర్చుని తినేవారు కాదు. నాకు గర్వంగానే ఉండేది.

అలాంటి రోజుల్లో తాత వచ్చాడు. అమ్మ వాళ్ళ నాన్న. ఆయనది చీపురుపల్లి వైపు మెట్ట ఊరు. ఎప్పుడొచ్చినా గోనెసంచిలో మేం చోళ్ళనే రాగులు, ఉలవలు, తేగల కట్ట. మనిషి కంటే ముందు చుట్ట వాసన గుమ్మం ఎక్కేది. మాట్లాడితే అవతలి గట్టు మీదవాణ్ణి పిలిచినట్టే. మా వీధిలో అందరూ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. "నాన్నా, మెల్లిగా" అని అమ్మ బతిమాలేది. ఆయన గోచీతో వీధరుగు మీద కూర్చుంటే ఆవిడ ప్రాణం చచ్చిపోయేది. నా పరిస్థితీ అంతే. తేగలు మాత్రం సిగ్గు లేకుండా తినేదాన్ని.

తాత బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఇదేటి బాబూ, ఊళ్ళన్నీ ఇంట్లో పెట్టీసుకున్నారు?" అన్నాడు.

నాన్న నవ్వి, "ఇదిగో మావా, ఇది రైలుకట్ట. ఇది చీపురుపల్లి రోడ్డు. ఇదే మన ఊరు" అని చూపించాడు.

"మరి మన తోటేదీ?"

నాన్న చేతిలో పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నీలంరంగు గీత మీద వేలు పెట్టాడు. అది కాలువ.

తాత చతికిలబడ్డాడు. ఆ తోట వాళ్ళ నాన్న కావిడితో నీళ్ళు మోసి పెంచింది. మామిడి, గట్ల వెంబడి జీడిమామిడి. వాన తప్పిన ఏడు చోడిచేను ఎండిపోయినా ఆ చెట్లే ఇంటిల్లిపాదికీ అంబలి పోశాయి.

"కాలవకని సర్వే రాళ్ళు పాతినప్పుడే అనుకున్నాను" అన్నాడు తాత. "అయినా రాయిదేటున్నాది బాబూ, పీకీసి పక్కన పాతీవొచ్చు. కాలవొద్దంటన్నానేటి నాను? నీళ్ళొద్దన్నోడు రైతేటి? కాసింత అవతలికి జరిగితే అంతా బీడే. బీడుకేటి నొప్పి?"

"గీత పైనుంచి వచ్చింది మావా. నేను దాన్ని కాగితం మీదకి దింపేవాణ్ణే. జరిపే చెయ్యి నాది కాదు" అన్నాడు నాన్న.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోంది. అల్లుడి దగ్గర తండ్రి అడగడం, అల్లుడు లేదనడం, రెండూ ఆవిడకి తలవంపే. పళ్ళెంలో నేను ఆరబెట్టిన చెట్లు ఉంటే తాత ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది మావిడే. ఎవులు సేసినారు?"

"నేనే తాతా."

ఆయన నన్ను కొత్తగా చూశాడు. "అయితే నా తోట సెయ్యి గుంటా" అన్నాడు.

దీని వెనక సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో కాపుచెట్టు కొట్టాల్సి వస్తే, ముందుగా పెద్దమనిషిని పిలుచుకొచ్చి చెట్టు చూపించాలి. అది ఆనవాయితీ. చెట్టు చూపించడమంటేనే వద్దనమని వేడుకోవడం. నోరు విప్పి బతిమాలక్కర్లేదు. పెద్దమనిషి చెట్టు చుట్టూ తిరిగి, కాపు చూసి, "ఉంచండిరా" అంటాడు. చెట్టుని కళ్ళారా చూసి కూడా కొట్టమన్నవాడు తాత ఎరిగుండగా లేడు. దాయాదుల తగువుల్లో గట్టుమీది చెట్లెన్నో అలాగే బతికాయి.

"మంత్రిగోరు గీత సూసినారు గానీ తోట సూణ్ణేదు కదా" అన్నాడు తాత. "సూపిద్దాం. మనిసి పుటక పుట్టినోడు ఆ సెట్లు సూసి కాదంటాడేటి?"

నాన్న చెవి మీది పెన్సిలు తీసి కాలువ గీత పొడుగునా ఆనించాడు. ఆఖరికి, "గీత మీద మాత్రం ఏమీ పెట్టకూడదు. గీతకి అటూ ఇటూ పెట్టుకోండి" అన్నాడు.

"అదే సాలు. కాలవ తోట నడుమంట దూరిపోతన్నాదని ఎవులికైనా తెలుస్తాది."

తాత ఊరికి వెళ్ళలేదు. రోజూ నా పక్కన కూర్చుని ఒక్కో చెట్టూ చెప్పేవాడు. గాలివానకి తూర్పుకి వాలిపోయింది ఒకటి. పిడుగు పడి సగం కాలి, మిగిలిన సగం రెట్టింపు కాసేది ఒకటి. అత్తగారి చెట్టని ఇంకోటి ఉండేది, ఏ కాయ చూసినా పులుపే. దొంగల చెట్టు కొమ్మ దారి మీదకి వంగి ఉండేది, ఊళ్ళో పిల్లలందరి కాపూ అదే. "ఆ కొమ్మ తీసీకు. దొంగలికి కూడా తోటలో వాటా ఉన్నాది" అనేవాడు. నేను పీచు పీకి చూపిస్తే, "ఇంకా ఒత్తుగా ఉంటాది. కాపుకొచ్చే ముందు సెట్టు కడుపుతో ఉన్న మనిసిలాగుంటాది" అనేవాడు. అమ్మ ఆవాలని పచ్చరంగులో ముంచి పిందెలు చేసింది. పొట్టు నేనే చల్లాను, మూడు పచ్చలు కలిపి. అంత బాగా మళ్ళీ నా జన్మలో ఏదీ చెయ్యలేదు. టీచరుగా ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత బొమ్మలు చేయించాను, నేను మాత్రం చెయ్యి పెట్టలేదు.

ఆఫీసులో పనిచేసేవాళ్ళ పిల్లలు మంత్రిగారికి పువ్వులివ్వాలన్నారు. అందులో నేనున్నాను. తాత నాకు రెండు మాటలు నేర్పాడు. ఇది మా తాత తోట. కాలువ దీని నడుమ నుంచి వెళ్తాది. ఇంకేమీ అనక్కర్లేదన్నాడు. చూపించడం మన వంతు, చూడ్డం ఆయన వంతు. నాన్న ఆ పక్కనే పెన్సిలు చెక్కుకుంటున్నాడు. దాని మొన విరిగేదాకా చెక్కి, "నేనేం వినలేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు షామియానా కింద బల్ల పెట్టారు. తాత మా నాన్న చొక్కా వేసుకుని, చేతులు పొట్టయిపోతే మడిచి, జనం చివర నిలబడ్డాడు. మంత్రిగారు ఇంజనీరు చెప్పేది వింటూ కాలువ వెంబడి నడుచుకుంటూ వచ్చి, తోట దగ్గర ఆగాడు. తనంతట తనే ఆగాడు. వంగి చూశాడు.

"ఈ చెట్లెవరు చేశారు?"

"మా డ్రాఫ్ట్స్‌మన్ గారి అమ్మాయండి" అన్నాడు ఇంజనీరు.

మంత్రిగారు నా బుగ్గ మీద చెయ్యి వేశాడు. నేను చెప్పాను. ఒక్క మాట తప్పలేదు, గొంతు వణకలేదు. "ఇది మా తాత తోటండి. కాలువ దీని నడుమ నుంచి వెళ్తాదండి."

ఆయన మళ్ళీ తోట వైపు చూశాడు. తాత ఎలా చూడాలన్నాడో అలాగే, చెట్టు తరవాత చెట్టు. తరవాత అందరి వైపూ తిరిగాడు. "విన్నారా? తోట నడుమ నుంచే కాలువట. ఎంతమందికి పడుతుందండీ ఆ అదృష్టం? నీళ్ళు పక్కన పారితే చెట్టు ఎలా ఉంటుందో ఇదిగో, చూడండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను నేను కూడా, ఆయన కళ్ళతో. నీలంరంగు కాలువ, దానికి రెండు వైపులా నీడ పరిచిన పచ్చటి చెట్లు. కాలువ వల్లే పెరిగినట్టున్నాయి. ఎవరు చూసినా అలాగే అనుకుంటారు.

"మీ తాత ఏడమ్మా?" అన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను.

జనం తాతని ముందుకు తోశారు. మంత్రిగారు తన మెడలో దండ తీసి తాత మెడలో వేశాడు. "ఏం పెద్దాయనా, సంతోషమేనా?" అన్నాడు.

తాత నోరు తెరిచాడు. పొలం అవతలికి వినిపించే ఆ గొంతు కోసం నేను చూశాను. ఎన్నిసార్లు దాన్ని తగ్గించమన్నామో, ఆ ఒక్కసారి పెద్దగా రావాలని కోరుకున్నాను.

"సిత్తం బాబూ" అన్నాడు తాత. చేతులు జోడించాడు.

ఫొటో తీశారు. అందులో నేను నవ్వుతున్నాను. నవ్వమన్నారు, నవ్వాను. ఆ ఫొటో నాన్న ఆఫీసు గోడకి చాలాకాలం ఉంది. దాని కిందే కూర్చుని ఆయన గీతలు గీశాడు.

ఇంటికొచ్చాక అమ్మ పులుసు వడ్డించింది, ఎవరూ కలుపుకోలేదు. "అలగ కాదు బాబూ అని ఒక్క ముక్క అనవలిసింది నాన్నా" అంది.

"దండేసినాయన మొకం మీద కాదనడం ఎలగే?" అన్నాడు తాత. నిజానికి అది ఎలాగో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఆయన బస్సెక్కాడు. దండ మా ఇంట్లోనే వదిలేశాడు. దాన్ని పారెయ్యడానికీ అమ్మకి చెయ్యి రాలేదు, దేవుడికి వెయ్యడానికీ మనసు రాలేదు. చూరుకి వేలాడుతూ ఎండి రాలిపోయింది.

ఊళ్ళో కాలువగీత కింద భూములు పోయేవాళ్ళు ఇంకొందరున్నారు. అందరూ కలిసి కలెక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నారు. తాత బయల్దేరితే, "నువ్వు దండేయించుకున్నోడివి, నీకేటి నొప్పి, కూకో" అన్నారట. తోట చూపించడానికెళ్ళి ఊరినే కాలువకి అమ్మేసి వచ్చాడని కూడా అన్నారట. అరుగు మీద ఆయన కూర్చుంటే మిగతావాళ్ళు లేచిపోయేవారని అమ్మ నాన్నతో చెప్పి ఏడ్చింది. సభ అయ్యాక బల్ల మళ్ళీ మా ముందుగదికే వచ్చింది, దాని కింద పడుకుని విన్నాను. తప్పు చేసినవాళ్ళకి తప్పయిందని అనే దారైనా ఉంటుంది. నేను నేర్పిన మాట నేర్పినట్టే చెప్పాను. అలా చెప్పి మా తాతని ఊళ్ళో తలెత్తుకోకుండా చేశాను. ఆ సిగ్గుని ఎక్కడ దింపుకోవాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఇంజనీరు నుంచి ఇంకో పురమాయింపు. మంత్రిగారికి ఆ తోట అంత నచ్చింది కాబట్టి కాలువ పొడుగునా అలాంటి చెట్లే పెట్టాలట. బొమ్మని ఎక్కడికో ఎగ్జిబిషన్‌కి పంపుతారట. మళ్ళీ మిరపవేళ్ళు, బీరపీచు, రంపపు పొట్టు. ఇల్లంతా మళ్ళీ జిగురు వాసన.

ఒక మధ్యాహ్నం తాత వచ్చాడు. చేతిలో సంచి లేదు. మెల్లిగా మాట్లాడమని చెప్పాల్సిన పని అమ్మకి లేకపోయింది. తోట కొట్టేశారన్న కబురు అప్పటికే వచ్చింది. నా పక్కన కూర్చుని, నా చేతుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఏడాదిగా లోపల పెట్టుకున్నది నా నోట్లోంచి వచ్చేసింది. "తాతా, నేను సరిగ్గానే చెప్పాను కదా."

"సరిగ్గానే సెప్పినావమ్మా. ఆయనా సరిగ్గానే సూసినాడు" అన్నాడు. పళ్ళెంలోంచి ఒక చెట్టు తీసి, దాని మాను వేలితో నిమిరాడు. "నరికీసిన సెట్టొకటి పెట్టవలిసింది గుంటా. ఓ మొద్దు, పక్కన పడిపోయిన మాను. అదొక్కటీ మనకి తోసనేదు."

మనకి అన్నాడు. తోట పోయింది ఆయనకి, దండ పడింది ఆయన మెడలో, ఊరు మాటలు మానేసింది ఆయనతో. అయినా పని చేసినప్పుడు ఇద్దరం కలిసి చేశాం కాబట్టి, లోపం కూడా ఇద్దరిదీ అన్నట్టు అన్నాడు. నేను తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. లేతరంగు పొట్టు చల్లుతూనే ఉన్నాను. మర్నాటికి ఇంజనీరుకి ఇంకా చెట్లు కావాలి.